కరియప్ప: ఇంటికీ దండుకీ ఒకే ధర్మం
(మాజీ సైనికుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈరోజు మనం తలుచుకుంటున్న ఫీల్డ్ మార్షల్ కొదండేర మాదప్ప కరియప్ప 94 ఏళ్ళు బతికారు. సైన్యంలో ఆయన చేసిన పని చరిత్ర పుస్తకాలకు ఎక్కింది. తండ్రిగా ఎలా బతికారన్నది అంతగా చెప్పుకోం. ఉద్యోగం ఒకటి, సంసారం ఒకటి అని విడదీసి చూడటం మనకు అలవాటు. కరియప్పగారు మాత్రం రెండింటినీ ఒకే ధర్మంతో నడిపారు. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఆయన 1899 జనవరి 28న కొడగులోని శనివారసంతెలో పుట్టారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. మడికేరిలో బడి చదువు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల. ఆనాటి సైన్యంలో భారతీయుడు ఎంత పనిమంతుడైనా జమేదారు, సుబేదారు, మహా అయితే సుబేదార్ మేజర్. నిన్నగాక మొన్న సీమ నుంచి వచ్చిన తెల్ల లెఫ్టినెంటుకు కూడా నెరిసిన తల సుబేదారు సెల్యూట్ కొట్టాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు ఆ కట్టుబాటు సడలింది. ఇండోర్ డేలీ కళాశాలలో శిక్షణ పొంది, 1919లో రాజు పేర కమిషన్ అందుకున్న తొలి జట్టులో కరియప్ప ఒకరు.

అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టూ ఆయనే ముందుగా ఎక్కాల్సి వచ్చింది. 1933లో క్వెట్టా స్టాఫ్ కాలేజీలో చేరిన మొదటి భారతీయ అధికారి ఆయనే. 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన మొదటి భారతీయుడూ ఆయనే. 1947-48 కశ్మీరు యుద్ధంలో పశ్చిమ కమాండ్‌ను నడిపారు. జోజిలా, ద్రాస్, కార్గిల్ మన చేతికి వచ్చింది ఆ కాలంలోనే. 1949 జనవరి 15న జనరల్ రాయ్ బుచర్ నుంచి కమాండర్-ఇన్-చీఫ్ బాధ్యతలు అందుకున్నారు. అప్పటికి ఆయనకు ఇంకా యాభై నిండలేదు. ఆ రోజునే మనం ఏటా సైనిక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక ఇంటి సంగతి. 1937లో పెళ్ళయింది. మరుసటి ఏడు కొడుకు నంద, 1943లో కూతురు నళిని పుట్టారు. 1945లో భార్యాభర్తలు విడిపోయారు. కొన్నేళ్ళకే ఆమె ప్రమాదంలో కన్నుమూశారు. దేశ విభజన, సైన్యం పంపకం, కశ్మీరు యుద్ధం అన్నీ ఒక్కసారిగా మీద పడిన రోజుల్లో ఇద్దరు చిన్నపిల్లల బాధ్యత ఆ తండ్రిది. క్రమశిక్షణ మనిషే, మాట కఠినమే. కానీ పిల్లల్ని ఆయన వదిలేయలేదు.

ఆయన సైన్యాధిపతిగా ఢిల్లీలో ఉన్న రోజుల ముచ్చట ఒకటి కొడుకే తర్వాతి కాలంలో చెప్పారు. ఒకనాడు పిల్లల్ని బడికి తీసుకెళ్ళే బండి రాలేదు. బడి పోతుందని ఏడీసీ, అంటే సైన్యాధిపతి వెంట ఉండే సహాయక అధికారి, వారిని స్టాఫ్ కారులో దింపించాడు. సంగతి తండ్రి చెవిన పడింది. ఏడీసీకి చీవాట్లు పడ్డాయి. ఆ ప్రయాణానికి అయిన ఖర్చును కరియప్ప తన సొంత డబ్బు నుంచి ప్రభుత్వానికి కట్టించారు. సైన్యంలో ఎందరికో పిల్లలున్నారు, వాళ్ళకెవరికీ స్టాఫ్ కారు లేదు. ఆయన లెక్క అంత సూటిగా ఉండేది.

ఆ లెక్కకు అసలు పరీక్ష 1965లో వచ్చింది. నంద వైమానిక దళంలో హంటర్ విమానం నడిపేవారు. సెప్టెంబరు 22న, కాల్పుల విరమణకు కొన్ని గంటల ముందు, కసూర్ ప్రాంతంలో ఆయన విమానం నేల మీది నుంచి వచ్చిన కాల్పులకు కూలింది. దూకి ప్రాణం దక్కించుకున్నారు. వెన్నుకు దెబ్బ తగిలింది, పాకిస్తాన్ సైన్యానికి బందీ అయ్యారు. అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశ విభజనకు ముందు కరియప్ప కింద పనిచేసినవారు. ఢిల్లీలోని తమ హైకమిషనర్ ద్వారా కబురు పంపారు: మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడు, కావాలంటే విడిచిపెడతాం.

అప్పుడు కరియప్పగారి వయసు 66. పదవి లేదు, ప్రోటోకాల్ లేదు. మడికేరిలో ఉంటున్న ఒక తండ్రి, అంతే. సరేనన్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఇది: వాడిప్పుడు ఈ దేశపు బిడ్డ. అక్కడున్న ఖైదీలందరూ నా బిడ్డలే. అందరినీ ఎలా చూస్తారో వాణ్ణీ అలాగే చూడండి. 1966 జనవరిలో నంద తోటి ఖైదీలతో పాటే స్వదేశానికి వచ్చారు. ఆనక ఎయిర్ మార్షల్ అయ్యారు, తండ్రి జీవితచరిత్ర రాశారు.

దీన్ని త్యాగమనీ, రాతిగుండె అనీ రెండు రకాలుగా చెబుతుంటారు. నాకు రెండూ సరిపోవనిపిస్తుంది. కొడుకు మీద ప్రేమ లేని మనిషికి ఆ జవాబు చెప్పడం కష్టమే కాదు. ప్రేమ ఉన్నవాడు చెప్పాడు కనుకే దానికి బరువు. తన బిడ్డ ఒక్కడే ఇల్లు చేరితే, మిగతా ఖైదీల తల్లిదండ్రుల ఎదుట ఆయన తలెత్తుకు నిలబడగలరా? రేపు ఆ కొడుకు మాత్రం తన తోటివారి ముఖం చూడగలడా? కొడుకు ప్రాణంతో పాటు కొడుకు పరువునూ కాపాడిన తండ్రి ఆయన.

1953 జనవరిలో పదవీ విరమణ చేశాక ఆయన ఇంకా 40 ఏళ్ళు ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మన హైకమిషనర్‌గా 1956 దాకా పనిచేశారు. తర్వాత మడికేరిలోని ‘రోషనారా’ ఇల్లు, మాజీ సైనికుల మంచిచెడ్డలు. 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్ ఏర్పాటులో ఆయన చేయి ఉంది.

ఫీల్డ్ మార్షల్ హోదా 1986లో, 87వ ఏట వచ్చింది. ఏప్రిల్ 28న రాష్ట్రపతి భవన్‌లో సభ. అప్పుడాయన కాలి చిటికెనవేలు నొప్పిగా ఉందట. ఇంట్లో మెత్తటి చెప్పులతోనే తిరుగుతున్నారు. వాటితోనే రమ్మని ఇంటివాళ్ళు బతిమాలారు. వినలేదు. యూనిఫాంకు తగిన బూట్లే తొడుక్కున్నారు, చేతికర్ర వద్దన్నారు, కార్యక్రమం అయ్యేదాకా నిటారుగా నిలబడ్డారు. ఇదీ కొడుకు చెప్పిందే. నొప్పి ఎంతో ఆ ఇంటికి మాత్రమే తెలుసు.

1993 మే 15న బెంగళూరులో కన్నుమూశారు. మడికేరిలో జరిగిన అంత్యక్రియలకు మరో ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా వచ్చారు.

మిత్రులారా, కరియప్పగారి జీవితం రాసిపెట్టడానికి కొడుకున్నాడు. మన ఊళ్ళలోని హవల్దార్ల, నాయక్‌ల జీవితాలు ఎవరు రాస్తారు? పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చి ‘మిలిటరీ మాధవరం’ అనిపించుకుంది. అలాంటి ఊళ్ళలోనూ, మన వీధుల్లోనూ ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు మెట్లెక్కే పెద్దలున్నారు. ఈసారి వారి వెంట వెళ్ళండి. ఏ యూనిట్, ఏ పోస్టింగ్, సెలవు దొరక్క ఏ పెళ్ళికి రాలేకపోయారు, ఇంటికి ఎంత మనియార్డరు పంపేవారు, అన్నీ అడిగి రాసుకోండి. ఇంటావిడనూ కూర్చోబెట్టి అడగండి, సగం చరిత్ర ఆమె దగ్గరే ఉంటుంది. తోటివాడి బిడ్డకు దక్కనిది నా బిడ్డకు వద్దన్న నియమం ఒక్క సైన్యాధిపతి ఇంట్లోనే లేదు. ఈ సభలో కూర్చున్న ఎన్నో ఇళ్ళలో ఉంది. అది కాగితం మీదికి రావాలి. ఆ పని మనదే, అదీ వారు మన ఎదుట ఉండగానే జరగాలి.