మెదకు చర్చి



ఇంగ్లండు పల్లెలలోని పాత చర్చీలు తరతరములుగా కొంచెముకొంచెముగ పెరిగినవి. వాటి శైలిలోనిదే యైన మెదకు చర్చి మాత్రము పదేండ్లలో, కరవు దినములలో, తెలుగు కూలీల చేతులమీద లేచినది.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్టు 1896లో మెదకు చేరెను. 1914లో నిర్మాణమారంభమయ్యెను. అంతలో ప్రపంచయుద్ధము, క్షామము. ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టిరి. ఊరక పోయు గంజికంటె కష్టించి తిను కూడు మేలు గదా! 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. పోస్నెట్టు పేరు నేటికిని వినవచ్చును. రాళ్లు మోసినవారి పేర్లు చెప్పువారరుదు.

పొడవు 200 అడుగులు, వెడల్పు 100, శిఖరము 175. కొసదేరిన గోథిక్కు కమానులు. లోపల సుమారు అయిదువేలమందికి చోటు. అన్నిటికంటె చూడదగినవి రంగుటద్దముల గవాక్షములు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము వానిపై చిత్రితములు. వెలుగు బయటనుండి రావలెను. పొద్దు గ్రుంకిన పిదప లోపలివారికి బొమ్మలు కానరావు.

అక్కన్నపేటనుండి మెదకునకు రైలుమార్గము 2022లో గాని తెరవబడలేదు. సెలవుపై స్వస్థలములకేగు మోప్కా కుటుంబములు అచ్చటికి పగటివేళనే చేరుకొనుట మంచిది.