అడిగితే చెప్పే ఇంటర్నెట్‌కు మన ఊరు తెలుసా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“ఇంటర్నెట్ రేపు ఎట్లా ఉండబోతుందో పావుగంటలో చెప్పు” అని సంఘం పెద్దలు నాకు పని అప్పజెప్పారు. ఈ బడిలో చదివినప్పుడు పావుగంటలో పదమూడో ఎక్కం కూడా సరిగా అప్పజెప్పలేకపోయినవాణ్ణి. కాబట్టి పెద్ద పెద్ద జోస్యాలు చెప్పను. ఈ మధ్య ఇక్కడే, మన బడిలోనే జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

సభ ఏర్పాట్ల కోసం వచ్చిన రోజు తొమ్మిదో తరగతిలోకి వెళ్లాను. ఒక అమ్మాయికి నా ఫోన్ ఇచ్చి, “మన జవహర్‌నగర్ గురించి దీన్ని తెలుగులో అడుగమ్మా” అన్నాను. అడిగింది. ఫోన్ తడుముకోకుండా జవాబు చెప్పింది. అందులో మన డంపింగ్ యార్డు ఉంది. మళ్లీ అదే జవాబులో మనం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కనే ఉన్నామని కూడా ఉంది. చిక్కడపల్లి దగ్గర ఇంకొక జవహర్‌నగర్ ఉందని మీకు తెలుసు. యంత్రం రెండు ఊళ్లనూ కలిపి ఒక్కటి చేసేసింది. ఆ అమ్మాయి నవ్వలేదు. “సార్, మరి మేముండేది ఎక్కడ?” అని అడిగింది. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్న గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మన ఇరుగుపొరుగునే ఉన్న ఈసీఐఎల్ 1967లో పుట్టింది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపకల్పన చేసిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో ఆ సంస్థ పేరుతో బయటకు వచ్చింది. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న తొలి కంప్యూటర్లలో అది ఒకటి. అదే 1969లో, అక్టోబరు 29న, అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మొదటి సందేశం వెళ్లింది. ‘లాగిన్’ అని పంపబోయారు. రెండు అక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం ఆగిపోయింది. ఈ రోజు మనం చూస్తున్న ఇంటర్నెట్‌కు ఆ రెండు అక్షరాలే మొదలు.

ఆ తర్వాతి కథను నేను మూడు దశలుగా చెప్పుకుంటాను.

మొదటిది చదువుకునే దశ. 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ రోజుల్లో ఈసీఐఎల్ చౌరస్తా నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి, పదో తరగతి ఫలితాల కోసం చెమటలు పట్టిన చేతులతో హాల్‌టికెట్ నంబరు కొట్టిన బ్యాచ్‌లు ఈ సభలో ఉన్నాయి. ఎక్కడో ఎవరో రాస్తే మనం చదివేవాళ్లం, అంతే.

రెండోది రాసే దశ. అందరూ రాయడం, ఫోటోలు పెట్టడం, వీడియోలు తీయడం మొదలుపెట్టారు. తెలుగు తెర మీదికి రావడానికి చాలామంది చాలా కష్టపడ్డారు. మొదట్లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునేవాళ్లు. ఒక పత్రిక ఫాంటులో ఉన్నది ఇంకో కంప్యూటర్‌లో గజిబిజిగా కనపడేది. యూనికోడ్ వాడకంలోకి వచ్చాక ఆ బాధ తీరింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. జీతం లేకుండా, పేరు ఆశించకుండా రాసినవాళ్ల వల్ల ఇవాళ అందులో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి.

ఇప్పుడు మొదలైంది మూడో దశ. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇది అందరికీ కనపడుతోంది. ఇంటర్నెట్ ఇక మనం వెళ్లి వెతుక్కునే చోటు కాదు, అడిగితే చెప్పే మనిషిలా మారుతోంది. చెప్పడంతో ఆగకుండా టికెట్ కొనడం, దరఖాస్తు నింపడం లాంటి పనులు కూడా మన తరఫున చేసిపెట్టే దిశగా పోతోంది.

ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుందో టీచర్లకు బాగా అర్థమయ్యే పోలిక ఒకటి చెబుతాను. అది లెక్కలేనంత రాతను చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుంటుంది. పరీక్ష హాలులో జవాబు రాకపోయినా ఆన్సర్ షీటు ఖాళీగా వదలకుండా, అడిషనల్ షీటు అడిగి మరీ రాసే విద్యార్థి ప్రతి క్లాసులోనూ ఒకడు ఉంటాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే సార్‌కు విషయం తెలిసి ఉండాలి. ఆ విద్యార్థే ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉన్నాడు.

తెలుగు విషయంలో అతను ఇంకా వెనకబడి ఉన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్లకు పైనే. కానీ ఇంగ్లిష్ వికీపీడియాలో దాదాపు 70 లక్షల వ్యాసాలుంటే మనకున్నవి లక్ష చిల్లర. పైగా మన అక్షరం యంత్రానికి బరువు. ‘అమ్మ’ అని తెలుగులో రాస్తే కంప్యూటర్ సాధారణంగా 12 బైట్లలో దాచుకుంటుంది. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 4 బైట్లు చాలు. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి పథకం, అందులో పాలుపంచుకుంటున్న మన ట్రిపుల్ఐటీ హైదరాబాద్ ఈ కొరత తీర్చడానికి పనిచేస్తున్నాయి. అయితే వాళ్లు యంత్రానికి తెలుగు నేర్పగలరు గానీ, మన ఊరి సంగతులు మనం తప్ప ఎవరూ నేర్పలేరు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిన్నటిదాకా వెతికితే పది లింకులు వచ్చేవి, ఏది నమ్మాలో మనం తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కటే జవాబు వస్తుంది. ఆ ఒక్క జవాబు ఇప్పటిదాకా ఎవరో రాసిన దాంట్లోంచే రావాలి. మన గురించి రాసిందేమిటి? హైదరాబాద్ చెత్తంతా వచ్చి పడే యార్డు, దాని వాసన, పాడైన భూగర్భ జలం. అందులో అబద్ధమేమీ లేదు. ఇక్కడి పిల్లలు పీల్చే గాలి అది, దాన్ని దాచమని నేను అనను. గట్టిగా రాయమనే అంటాను. అయితే ఊరంటే అదొక్కటే అన్నట్టు మిగిలిపోవడం నాకు బాధ.

మాజీ సైనికులకు కేటాయించిన భూముల కథ ఎక్కడ ఉంది? పొట్ట చేతబట్టుకొని ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి, రేకుల ఇల్లు వేసుకొని, నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుసలో నిలబడి, పిల్లలను ఈ బడికి పంపిన అమ్మానాన్నల కథ ఎక్కడ ఉంది? చెత్త ఏరి బతుకుతూ కూడా బిడ్డకు పలకాబలపం కొనిచ్చిన తల్లి గురించి ఎవరు రాశారు? అవన్నీ మన నోళ్లలో ఉన్నాయి, రాతలో లేవు. రాతలో లేనిది మూడో దశ ఇంటర్నెట్‌కు లేనట్టే.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. అడిగితే మాట్లాడే యంత్రం, అడగకుండానే మన గొంతుతో కూడా మాట్లాడగలదు. కొన్ని క్షణాల రికార్డింగ్ దొరికితే చాలు, “అమ్మా, నేనే, అర్జెంటుగా డబ్బు పంపు” అని బిడ్డ గొంతుతోనే ఫోన్ రావచ్చు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకు మీరే తిరిగి చేయండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, అట్లాంటి హక్కు ఒకటుందని తల్లిదండ్రులకు తెలియాలి.

ఇక సంఘానికి నా విన్నపాలు మూడు.

ఒకటి, బ్యాచ్‌కు ఇద్దరు చొప్పున కూర్చొని ఊరి చరిత్ర, బడి చరిత్ర రాయాలి. వికీపీడియాకు పత్రికలు, పుస్తకాల ఆధారం కావాలి. మన మాటనే ఆధారంగా తీసుకోదు. కాబట్టి ముందు అచ్చులోకి రావాలి. ఈ సంచికే మొదటి మెట్టు అనుకుందాం.

రెండు, మన రిటైర్డ్ టీచర్ల, పెద్దవాళ్ల మాటలను వాళ్ల అనుమతి తీసుకొని, వాళ్ల యాసలోనే రికార్డు చేయాలి. పుస్తకాల తెలుగు ఒక్కటే నేర్చుకున్న యంత్రానికి మా నానమ్మ మాట అర్థం కాదు. పింఛను దరఖాస్తు కూడా నోటితో అడిగి నింపే రోజు వస్తే, ఆ యాస అర్థం కాకపోవడం వల్ల నష్టపోయేది నానమ్మే.

మూడు, పిల్లలకు నెలకు ఒక పీరియడ్ “అడుగు, సరిచూడు” అని పెట్టాలి. యంత్రం చెప్పిన జవాబును పుస్తకంతో, టీచరుతో, ఊరిలో పెద్దమనిషితో పోల్చి తప్పు పట్టడమే ఆ పీరియడ్‌లో పని. మన పేరుతోనే చిరునామా ఉన్న బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ విద్యార్థులనూ, శామీర్‌పేట నల్సార్‌లో న్యాయశాస్త్రం చదివే పిల్లలనూ పిలుద్దాం. ఒకరు యంత్రం సంగతి చెబుతారు, ఇంకొకరు హక్కు సంగతి చెబుతారు. ఇంత దగ్గర ఉండి కూడా ఆ గేట్లకూ మన బడి గేటుకూ మధ్య దూరం ఎక్కువే ఉంది. దాన్ని తగ్గించడం పూర్వ విద్యార్థుల పనే.

మిత్రులారా, ఇక్కడ అక్షరం దిద్దించిన సార్లు, మేడమ్‌లు మనకు ఒక మాట పదే పదే చెప్పేవాళ్లు: తెలిస్తే రాయి, తెలియకపోతే అడుగు, అంతేగానీ కల్పించి రాయకు. రాబోయే ఇంటర్నెట్‌కు కూడా చెప్పాల్సిన పాఠం అదే. అది మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను నోటితో జవాబు చెప్పాను. వచ్చే ఏడాది ఆమె మళ్లీ ఫోన్‌ను అడిగినప్పుడు అది సరిగ్గా చెప్పాలి. ఆ జవాబు వెనక మన చేతిరాత ఉండాలి.