ఇంజనులో గడగడ: విప్పే ముందు వినండి

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో రవాణా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పాల సంఘాల సమావేశంలో దాణా గురించో, వెన్న శాతం గురించో మాట్లాడాలి గాని, కారు ఇంజను గొడవ ఏమిటని మీకు అనిపించవచ్చు. మేము చెప్పబోయేది పశువుల డాక్టరుగారు ఊరూరా తిరిగే డీజిల్ కారు సంగతి. అది మీ పాల డబ్బుతో కొన్నది. దాని మరమ్మతులో మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

కార్తీకమాసం, గేదెలు ఈనే రోజులు. కారు ఇంజనులో గడగడమని చప్పుడు మొదలైంది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుండేది. డ్రైవరు వచ్చి చెప్పగానే బండిని వర్క్‌షాపుకు పంపాము. రాత్రంతా ఆగి ఉన్న బండిని తెల్లవారి స్టార్టు చేసి విన్న మెకానిక్కు, ఇది ఇంజెక్టర్ల చప్పుడే అన్నాడు. నాలుగు ఇంజెక్టర్లూ విప్పి పరీక్షకు పంపారు. మూడు రోజులు పట్టింది. బిల్లు కట్టి బండి తెచ్చుకున్నాము. రెండో ఊరు దాటేసరికి మళ్లీ అదే గడగడ.

ఆ మూడు రోజుల్లోనే ఒక సభ్యురాలి గేదె ఈనిన మర్నాడు పాలజ్వరంతో పడిపోయింది. పేరులో జ్వరం ఉన్నా ఈ జబ్బులో ఒళ్లు చల్లబడుతుందని మీకు తెలుసు. ఈనగానే కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోయి, రక్తంలో తగ్గిపోవటం వల్ల వస్తుంది. వేళకు నరానికి కాల్షియం ఎక్కిస్తే గేదె లేచి నిలబడుతుంది. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. డాక్టరుగారు ఎవరిదో మోటారు సైకిలు అడిగి తీసుకుని, చీకట్లో గంట ఆలస్యంగా చేరారు. గేదె లేచింది గనుక ఈ వేళ మీ ముందు నిలబడి ఈ మాట చెప్పగలుగుతున్నాము.

రెండోసారి వర్క్‌షాపువారు టైమింగ్ చైను అనుమానంగా ఉంది, ఇంజను విప్పాలి అన్నారు. మాలో కొందరు, డ్రైవరు బండిని మోటుగా తోలటం వల్లే ఇదంతా అన్నారు. ఖర్చులో కొంత అతని జీతంలో పట్టుకోవాలనే దాకా మాట వెళ్లింది. అప్పుడు అతను ఒకే మాట అన్నాడు: "అయ్యా, మీరు పొద్దున్నే వినే చప్పుడు వేరు, నేను చెప్పే చప్పుడు వేరు."

ఆ మాటలో ఎంత నిజముందో తెలియాలంటే డీజిల్ ఇంజను తీరు కొంచెం తెలియాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజను ఇది. పెట్రోలు ఇంజనులో లాగా నిప్పురవ్వతో మంట పుట్టదు. గాలిని సుమారు 15 నుంచి 20 రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంటుకోవటం కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్తలో పోగైన డీజిల్ అంతా ఒక్కసారిగా మండి టకటకమంటుంది. వేడెక్కాక తగ్గిపోతుంది. చలికాలపు పొద్దుట ఈ టకటక చాలావరకు సహజం. మెకానిక్కు విన్నది దాన్నే. డ్రైవరు చెప్పింది అయిదారు కిలోమీటర్లు నడిచి, ఇంజను వేడెక్కాక, ఎవరి వాకిట్లోనో బండి ఆపినప్పుడు వచ్చే చప్పుడు. మేము ఒక రోగానికి మందు అడిగి, ఇంకొక దానికి డబ్బు కట్టామన్నమాట.

ఆ రోజు నుంచి అతని చేత ఒక నోటు పుస్తకంలో రాయించాము. చప్పుడు చల్లని ఇంజనులోనా, వేడి ఇంజనులోనా? వేడి ఇంజనులోనే. బండి నడుస్తుంటేనా, నిలబడితేనా? నిలబడితేనే. రేస్ ఇస్తే పెరుగుతుందా? లేదు, పోతుంది. క్లచ్ తొక్కితే మారుతుందా? మారదు. మారితే క్లచ్ బేరింగునో, గేరుబాక్సునో, ఫ్లైవీలునో అనుమానించాలి. మారలేదు గనుక వాటి మీద అనుమానం తగ్గింది. వారం తిరిగేసరికి, విప్పకుండానే సగం పని అయింది.

తరువాత బండిని కాస్త తిప్పి తెచ్చి, న్యూట్రల్‌లో ఉంచి, పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఒక్కొక్క చోట ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాము. డాక్టరుగారి స్టెతస్కోపు పనే ఇది. ఈ పని చేసేటప్పుడు కండువా, పంచె, చీర చెంగు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచుకోవాలి. ఇంజను పైన ఎక్కడా ఆ గడగడ లేదు. కిందనుంచి వస్తోంది. ఇంజను ఆపి, బాగా చల్లారాక, సైలెన్సరు గొట్టం వెంట చెక్కతో తట్టుకుంటూ పోయాము. గొట్టం వేడి పైకి తగలకుండా కప్పిన పలుచని రేకు జల్లుమంది. బురదకూ నీటికీ తుప్పుపట్టి, బోల్టు చుట్టూ రంధ్రం పెద్దదైంది. వేడెక్కితే రేకు సాగి, వదులై గొట్టాన్ని తాకుతోంది.

మరి నిలబడినప్పుడే ఎందుకు? నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే సెకనుకు సుమారు 27 మంటలు. ఆ అదురు లయ, వదులైన రేకు ఊగే లయ కలిశాయి. వేగం పెరిగితే లయ తప్పి చప్పుడు పోతోంది. పెద్ద వాషరు వేసి బోల్టు బిగించాము. వంద రూపాయలు కాలేదు. ఆ గడగడ మళ్లీ వినలేదు. చప్పుడు పోతుంది కదా అని రేకునే పీకి పారేయకండి. కింద ఎండుగడ్డి ఉన్నచోట బండి ఆపితే అంటుకునే ప్రమాదముంది.

అలాగని ప్రతి చప్పుడూ వదులు రేకు కాదు. ఆయిల్ లైటు వెలిగితే ఇంజను ఆ క్షణమే ఆపండి. లోపలనుంచి బరువైన దెబ్బల చప్పుడు వచ్చి, ఇంజను వేగంతో పాటు పెరుగుతుంటే ఒక్క ఊరు కూడా నడపవద్దు. అది బేరింగు కావచ్చు. పాత ఇంజన్లలో ఇంజెక్టరు గొట్టం నట్టు వదులు చేసి ఏ సిలిండరు చప్పుడో చూసేవారు. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో ఆ పని అసలు చేయరాదు. అందులో డీజిల్ ఒత్తిడి గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటవచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సంఘంలో పాలు విరిగితే మనం ఏం చేస్తాము? డబ్బా డబ్బాకూ పరీక్ష చేసి ఏ డబ్బాలో దోషముందో పట్టుకుంటాము. అందరి పాలూ పారబోయము. గేదె మేత మానితే డాక్టరుగారు సూది తీసేముందు, ఎప్పటినుంచి అని అడుగుతారు. అడిగేది రోజూ దాన్ని చూసుకునే మనిషిని. బండికీ అదే పద్ధతి. రోజూ దాని మీద కూర్చునే మనిషిని అడగాలి. అతని పక్కన కూర్చుని, చప్పుడు వచ్చే వేళకు, వచ్చే చోట వినాలి. మెకానిక్కునూ ఎక్కించుకుని వినిపించాలి. తేలికగా చూడగలిగినవి ముందు చూసి, విప్పే పని చివరకు ఉంచాలి.

ఉపసంఘ సమావేశంలో డ్రైవరును పిలిచి, అందరి ఎదుట పొరపాటు మాదేనని చెప్పాము. జీతంలో పట్టే మాట కొట్టివేశాము. ఇప్పుడు ప్రతి బండిలోనూ ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో డ్రైవరు రాసింది చదివిన తరువాతే మరమ్మతు బిల్లు మీద మా సంతకం పడుతుంది. మీ సంఘాల్లో పాల వ్యానులు ఉన్నా, జనరేటర్లు ఉన్నా ఇదే పద్ధతి పెట్టుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.