నోటు పుస్తకం లేని ప్రయోగం

రసాయన శాస్త్రం గురించి గుమాస్తా మాట్లాడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ కథలో ముఖ్యపాత్ర రికార్డుది. రికార్డు గురించి మాట్లాడే హక్కు మనకుంది.

మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. చిన్న అణువు పొడవు సుమారు అంత. అలాంటి ఒక్క అణువే విద్యుత్తును ఒకవైపే పోనిచ్చే సాధనంగా పనిచేయగలదని 1974లో అమెరికాలో అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 1997లో రీడ్, టూర్‌ల బృందం సన్నని బంగారు తీగను సాగదీసి తెంపి, ఆ సందులో బెంజీన్ జాతి అణువును నిలిపి కరెంటు కొలిచింది.

2001లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక్క అణువు ట్రాన్సిస్టరులా పనిచేసిందని ప్రకటించాడు. లోకం మెచ్చుకుంది. 2002లో కొందరు అతని వ్యాసాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఏ కొలతలోనైనా చిన్న చిన్న వణుకులు వస్తాయి. అవి ప్రతిసారీ వేరుగా ఉంటాయి. ఇతని వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఆ వణుకు కూడా ఒకటే! రెండు రోజుల సంతకాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే ఆడిట్ వారేమంటారో మీకు తెలియంది కాదు.

విచారణ సంఘం రికార్డు అడిగింది. సరైన నోటు పుస్తకాలు లేవు. అసలు అంకెలను కంప్యూటరులో చోటు చాలక చెరిపేశానన్నాడు. 24 ఆరోపణలలో 16 రుజువయ్యాయి. సహ రచయితలు మోసం చేయలేదని తేలింది. కానీ ముఖ్యమైన కొలతలను వారెవరూ కళ్లారా చూడలేదు. ఆ సెప్టెంబరులోనే అతని ఉద్యోగం పోయింది. పత్రికలు వ్యాసాలను ఉపసంహరించాయి. వాటిని నమ్మి శ్రమించిన కుర్ర పరిశోధకుల కాలాన్ని ఎవరు తిరిగిస్తారు?

శాస్త్రం మాత్రం ఆగలేదు. 2003లో అరిజోనాలో షు, తావ్ అనేవారు బంగారు సూదిని బంగారు రేకుకు తాకించి, లాగి, ఒక్క కొలతను నమ్మక వేలసార్లు కొలిచారు. పదే పదే వచ్చిన విలువనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది.

సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ లేకపోతే ముప్పై ఏళ్ల నిజాయితీ కూడా పెన్షన్ కాగితం దగ్గర ఆగిపోతుంది. అక్కడా అంతే. పరిశోధనలో ఉన్న మన మనవలకు, మనవరాళ్లకు ఈ మాట చెప్పండి: ఏ రోజు లెక్క ఆ రోజే రాయాలి. తప్పు పడిన అంకెను చెరపకూడదు. గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి.