వైద్యవిద్యలో దైవపిలుపు
(శతజయంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన విచారణలో ఒక బిడ్డకు వైద్యకళాశాలలో సీటు వచ్చిందంటే ఊరంతా సంతోషిస్తాము. దేవాలయంలో పూజ చెప్పిస్తాము. తరువాత పట్టా చేతికి వచ్చేవరకు ఆ బిడ్డను మరచిపోతాము. ఈ మధ్యకాలమును గూర్చియే మేము నాలుగు మాటలు చెప్పదలచాము.

ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. మఠకన్యలు వైద్యము చేయడానికి ఆనాటి శ్రీసభ నియమములు అడ్డుగా ఉండేవి. 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మఠకన్యలందరికీ ఆ మార్గము తెరచుకొన్నది 1936లోనే. ఆమె రోగులను చూస్తూనే స్థానిక స్త్రీలకు నర్సు పని, పురుడు పోసే పని, మందులు కలిపే పని నేర్పించారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించారు. కథోలిక వైద్యకళాశాల కావాలని ఆశించి, 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. 1963లో అదే నగరంలో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల ఆరంభమైనది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఆమెకు వైద్యము వేరు, దైవపిలుపు వేరు కాలేదు. మన బిడ్డలకు ఎందుకు వేరవుతున్నవి? మొదటి ఏడు శవచ్ఛేదన గదిలో నిలబడినప్పుడు, వార్డులో తాను చూస్తున్న రోగి మొదటిసారి చనిపోయినప్పుడు, పరీక్ష తప్పి హాస్టలు గదిలో తలుపు వేసుకొన్నప్పుడు వారి ప్రక్కన ఎవరున్నారు? అప్పుచేసి చదివించే ఇంటిలో "పెట్టిన డబ్బు రాబట్టాలి" అన్నమాట ఒక్కటే వారి చెవినపడితే, పేదరోగి వారికి భారముగానే కనబడతాడు. ఆ తప్పు బిడ్డది మాత్రమే కాదు, మనది కూడా.

కనుక మూడు మనవులు. ప్రతి విచారణలోను వైద్య, నర్సింగు విద్యార్థుల పేర్లు వ్రాసి ఉంచాలి. గురువులు ఏడాదికి రెండుసార్లయినా వారిని చూచి రావాలి; బోధించుటకన్న ముందు వారు చెప్పేది వినాలి. అన్యమత విద్యార్థి వచ్చి పలుకరించినా అదే ఆదరణ చూపాలి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు సంఘముల పక్షాన వెళ్ళిన విద్యార్థులు చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లు సేవ చేసే పద్ధతి ఉన్నది. మన మేత్రాసనము కూడా పేదబిడ్డల చదువుకు సాయపడి, పల్లె ఆసుపత్రులలో అట్టి సేవను కోరవచ్చును.

ఈ శతజయంతి సంవత్సరములోనే ఈ పని మొదలుపెట్టుటకు మేత్రాణులవారి ఆశీర్వాదము కోరుతున్నాము.