పందెపు మోటారుసైకిలు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో టి.వి.యస్. 50 అను చిన్న బండి నెరుగనివారు అరుదు. పాలక్యానులను, పచ్చగడ్డి మోపులను, ఎరువు బస్తాలను, అరటి గెలలను మోయుచు అది మన కాలువకట్టల వెంబడి ఏండ్ల తరబడి తిరిగినది. ఆ బండి 1980లో తమిళనాడునందలి హోసూరులో పుట్టినది. హోసూరు మనకు పరాయిచోటు కాదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే వీథిలో వినవచ్చు సీమ యది. తరతరములుగా తెలుగు కుటుంబములు అచట నివసించుచున్నవి. రాజాజీగారి జన్మస్థలమగు తొరపల్లియు ఆ సమీపముననే గలదు. పాలక్యాను మోసిన బండిని నిర్మించిన ఆ సంస్థయే 2017 డిసెంబరులో అపాచే ఆర్.ఆర్. 310 అను పందెపు జాతి మోటారుసైకిలును విపణికి తెచ్చినది. ఆ బండియే నేటి నా ప్రసంగ విషయము.

ఈ విషయము పెద్దల కెందులకని మీరడుగవచ్చును. ఇట్టి బండి కొనిపెట్టుమని మన మనుమలు మనలనే అడుగుచున్నారు. ధాన్యము అమ్మిన డబ్బు ఇల్లు చేరిన వేళ ఆ మాట తప్పక చెవిని బడును. సరే యనుటకైనను, వలదనుటకైనను ముందుగా ఆ యంత్రమెట్టిదో, ఎందులకై పుట్టినదో తెలిసికొనుట మన విధి. తెలియక వలదన్నచో పిల్లవాడు వినడు. తెలియక సరే యన్నచో ఆ తరువాత మనము నిద్రపోలేము.

మన యొంగోలు జాతి యెద్దుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నాగలికి కట్టు ఎద్దు వేరు, పందెమున బండ లాగు ఎద్దు వేరు. జాతి యొక్కటే యైనను మేపు వేరు, సాధన వేరు, దానిని తోలువాని నేర్పు వేరు. పందెపు గిత్తను తెచ్చి పసివాని చేతికి పగ్గమిచ్చు రైతు మన సీమలో నుండడు. మోటారుసైకిళ్లలోను ఈ భేదమే గలదు.

ఇక బండిని పరిశీలింతము. దాని యింజనుకు సిలిండరు ఒక్కటే. దాని లోపలి పరిమాణము 312 ఘనసెంటీమీటర్లు. అనగా పావులీటరు చెంబుకంటె కొంచెము పెద్దది. ఇంత చిన్న పాత్రనుండి 2017 నాటి బండి 34 అశ్వశక్తుల బలమును పుట్టించినది. 2024లో వచ్చిన మార్పులతో అది 38కి పెరిగినది. మన పొలములలో నీరు తోడు ఆయిలింజనుకు సాధారణముగా ఐదు అశ్వశక్తులుండును. సరకులు మోయు మోపెడుకు నాలుగు మాత్రమే.

ఇంత బలమెక్కడినుండి వచ్చినది? వేగముగా తిరుగుటయే దాని రహస్యము. నీరు తోడు ఇంజను నిమిషమునకు సుమారు 1,500 మారులు తిరుగగా, ఈ యింజను 9,700 మారులు తిరిగినప్పుడు తన పూర్తి బలమును చూపును. అనగా సెకనుకు నూటయరువదికి పైగా చుట్లు. ప్రతి చుట్టునందును పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవును. ఆ వేగమున పిస్టను సగటున సెకనుకు ఇరువది మీటర్లు ప్రయాణించును. అందు పుట్టు వేడిని గాలి యొక్కటే చల్లార్చజాలదు గనుక నీటితో చల్లార్చు రేడియేటరును అమర్చిరి.

ఈ యింజనునందు మరియొక విశేషము గలదు. సాధారణపు బండిలో సిలిండరు నిలువుగానో, ముందునకు వాలియో యుండును. ఇందు అది వెనుకకు వాలియున్నది. చల్లని గాలి ముందునుండి నేరుగా లోనికి పోవును. పొగ వెనుకనుండి వెలుపలికి వచ్చును. ఇట్లు వాల్చుటచే బరువు ముందుచక్రమువైపు ఒరగును. వెనుకచక్రమును పట్టియుంచు చేయిని పొడవుగా చేయుటకు వీలు కలుగును. బండి పొట్టిగా నుండియు వేగమున నిలకడ తప్పదు. జర్మనీ దేశపు బి.యం.డబ్ల్యు. సంస్థతో 2013లో కుదిరిన ఒప్పందమునుండి ఈ యింజను పుట్టినది. ఆ సంస్థ పేరుతో అమ్ముడగు చిన్న బండ్లును హోసూరులోనే తయారైనవి.

బండి చుట్టు కప్పబడిన తొడుగును చూచి అది అలంకారమని పలువురు తలతురు. దాని పని వేరు. బండి వేగము రెట్టింపైనచో గాలి యడ్డు నాలుగింతలగును; ఆ గాలిని చీల్చుకొని పోవుటకు వలయు బలము ఎనిమిదింతలగును. పడవకు ముక్కు కోసుగా నుండుట ఎందులకో ఈ తొడుగును అందులకే. నడుపువాడు ముందునకు వంగి కూర్చుండునట్లు చేతిపట్టును దించి, కాలి మెట్లను వెనుకకు జరిపిరి. ఈ యాసనము పందెమునకు తగినది. గడ్డిమోపు వేసికొని సంతకు పోవుటకు తగదు. ఇద్దరు కూర్చుండి తెనాలి పోయివచ్చుటకును అంత సుఖము కాదు.

మలుపునందు ఇట్టి బండి ఎట్లు పడక నిలుచునను సందేహము మీకు గలుగవచ్చును. వేగముగా మలుపు తిరుగునప్పుడు బండిని బయటికి నెట్టు బలమొకటి తోచును. దానికి సరిపడునంతగా లోపలికి వాలినచో బండి నిలుచును. ఈ భారమంతయు టైరు రోడ్డును పట్టు అరచేతి వెడల్పు స్థలముపై ఆధారపడియున్నది. ఆ స్థలమున ఇసుక గాని, తడి గాని, వరిగింజలు గాని యున్నచో పట్టు తప్పును. పందెపుబాటను చీపురుతో ఊడ్చి యుంచెదరు. మన రోడ్లమీద కోతలకాలమున ధాన్యము ఆరబోయుచుందుము! ఈ భేదమును మరువరాదు.

పందెముల వలన లోకమునకు ఏమి లాభమని కొందరు ప్రశ్నింతురు. పందెము యంత్రమునకు పరీక్ష. రోడ్డుమీద ఐదేండ్లకు బయటపడు లోపము పందెపుబాటపై అరగంటలో బయటపడును. ఒక యుదాహరణము చెప్పెదను. వేగముగా పోవుచు ఒక్కసారిగా గేరు తగ్గించినచో ఇంజను వెనుకచక్రమును బిగబట్టును. చక్రము జారి బండి పడవచ్చును. ఆ బిగింపును కొంత జారనిచ్చు క్లచ్చి మొదట పందెపు బండ్లలో వాడబడి, తరువాత 2019లో ఈ హోసూరు బండికిని చేర్చబడినది. పందెమున కనుగొన్నది సామాన్యుని ప్రాణమును కాపాడుట ఇట్లు.

ఇంగ్లండు సమీపమున మాన్ ద్వీపమున 1907నుండి ఇట్టి పందెములు జరుగుచున్నవి. మన దక్షిణదేశమున చెన్నపట్టణము చేరువనున్న షోలవరమునందు, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలముపై పూర్వము పందెములు జరిగెడివి. తరువాత శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైయందు సుమారు 3.7 కిలోమీటర్ల పందెపుబాట నిర్మింపబడినది. టి.వి.యస్. సంస్థ 1982లోనే తన పందెపు శాఖను స్థాపించినది. 2022లో ఆ సంస్థ ఆసియా దేశముల యువకుల కందరికిని ఒకే తీరుగా సిద్ధపరచిన ఆర్.ఆర్. 310 బండ్ల నిచ్చి పందెము నారంభించినది. బండ్లన్నియు సమానమైనప్పుడు ధనికుడు, పేద యను భేదము తగ్గి నేర్పే గెలుచును. ఆ సంస్థ పక్షమున పాల్గొన్న బెంగుళూరు యువతి ఐశ్వర్య పిస్సె 2019లో ఎడారిదారుల పందెములయందు స్త్రీల ప్రపంచకప్పును గెలిచినది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో ప్రపంచస్థాయి మోటోజీపీ పందెము మన దేశమున మొదటిసారిగా జరిగినది. ఇటలీ దేశీయుడు మార్కో బెజ్జెక్కి అందు జయించెను.

ఆ పందెములలో వేగము గంటకు 360 కిలోమీటర్లు దాటుట కలదు. ఐనను ఆ బాటపై ఎదురు వచ్చు బండి యుండదు. అందరును ఒకే దిక్కునకు పోవుదురు. పడినవాడు జారిపోవుటకు విశాలమైన గులకరాతి మైదానముండును. ఒడలంతయు తోలుకవచము, తలకు శిరస్త్రాణము, ప్రక్కనే వైద్యుడు, జెండా పట్టి హెచ్చరించు కావలివారు నుందురు. ఇవన్నియు సమకూడిన పిదపనే ఆ వేగమునకు అనుమతి.

మన 216వ జాతీయ రహదారిని తలచుకొనుడు. పెనుమూడి వంతెన దాటి రేపల్లె మీదుగా బాపట్లకు, చీరాలకు పోవు దారి యది. దానిపై గేదెలు, ట్రాక్టర్లు, బడిపిల్లలు, సూర్యలంక సముద్రతీరమునకు పోవు యాత్రికులు అందరును నడతురు. ఒక లెక్క చెప్పెదను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డమును చూచి బ్రేకు పట్టుకొనుటకు ఒక సెకను పట్టునని యనుకొందము. ఆ సెకనులో 17 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన తరువాత పొడిరోడ్డుపై మరి 20 మీటర్లు పోయి ఆగును. మొత్తము 37 మీటర్లు. అదే బండి 120 కిలోమీటర్ల వేగమున నుండినచో ఆ సెకనులో 33 మీటర్లు, తరువాత సుమారు 80 మీటర్లు. మొత్తము 113 మీటర్లు. వేగము రెట్టింపైనది, ఆగు దూరము మూడింతలైనది. మన కాలువకట్ట మలుపులలో నూరు మీటర్ల దూరము కంటికి కనబడు చోటులు ఎన్ని గలవు? ఈ బండి నిలుకడనుండి 60 కిలోమీటర్ల వేగమునకు చేరుటకు మూడు సెకనులు చాలునని దాని నిర్మాతలు చెప్పుచున్నారు. ఊరిలోని వీథి మలుపునకు వచ్చులోపల మూడు సెకనులు గడచును.

కావున పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండినవా? లైసెన్సు గలదా? 2019 నాటి సవరణచట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్లవరకు కారాగారశిక్షయు విధింపవచ్చును. అనుమతి లేక రోడ్డుపై పందెము వేయుట నేరమని మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను చెప్పుచున్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు కొన్నాడా? కొని దాని పట్టీని గడ్డము క్రింద బిగించుచున్నాడా, లేక పోలీసువారిని చూచినప్పుడు మాత్రమే తలకు పెట్టుచున్నాడా? చిన్న బండిని రెండేండ్లు పడకుండ, ఒకరిని పడద్రోయకుండ నడిపినాడా? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము లేనిచో ఎంతటి ముద్దు మనుమడైనను వేచియుండవలసినదే.

ఐతే వానిలోని యుత్సాహమును చులకన చేయకుడు. ఇంజను చప్పుడు విని ఏ గేరులో నున్నదో చెప్పగల పిల్లవానికి యంత్రశాస్త్రమున అభిరుచి యున్నదనుట స్పష్టము. ఈ బండిని ఊహించినవారును, అచ్చుబోసినవారును, పరీక్షించినవారును ఒకనాడు అట్టి పిల్లలే. మన బాపట్లలోనే 1981నుండి ఇంజనీరింగు కళాశాల గలదు. వేగమే కోరువానికి పందెపుబాటపై శిక్షణ నిచ్చు పాఠశాలలు దక్షిణదేశమున గలవు. బండికి పెట్టు ధనములో కొంత మొదట ఆ శిక్షణకు వెచ్చించినచో, వాడు వేగమును నేర్చుటయే గాక దాని భయమును గూడ నేర్చుకొని వచ్చును. బాటపై ఒకసారి నేర్చినవానికి ఊరి రోడ్డుపై వేగమన నెంతటి అవివేకమో మనము చెప్పనక్కరలేదు.

పందెపు గిత్త మంచిదే. దానికి తగిన బరియు, తగిన తోలరియు కావలెను. ఈ రెండును లేనిచోట దానిని విడుచుట గిత్త తప్పు కాదు, పగ్గమిచ్చినవారి తప్పు. పగ్గము ఇంకను పెద్దల చేతిలోనే యున్నదని మనవి చేసి విరమించుచున్నాను.