కృత్రిమ దంతములు – నొప్పిని గూర్చిన భయములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామమున అరువది సంవత్సరములు దాటిన పెద్దలను ఒక్కసారి మనస్సునకు తెచ్చుకొనుడు. వారిలో జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టకయే తినగలవారు ఎందరు? వేరుసెనగ గింజలను నమలగలవారు ఎందరు? దంతములు పోయిన పిదప మనుష్యుడు ముందుగా విడిచిపెట్టునవి గట్టి గింజలు, కాయగూరలు, మాంసము, ఫలములు. చివరకు మిగులునవి జావయు, మెత్తని అన్నమును. తిండి తగ్గుటచే శరీరబలము తగ్గును. ఇంటివారు దానిని వార్ధక్యమని యెంచి ఊరకుందురు. అనేకుల విషయమున అది వార్ధక్యము కాదు, నమలలేకపోవుటయే.

పోయిన దంతము స్థానమున మరల దంతమును నిలుపుటకు నేడు మూడు మార్గములు కలవు. మొదటిది, రాత్రివేళ తీసి నీటిలో ఉంచుకొను కట్టుడు పళ్లు. రెండవది, ప్రక్కనున్న దంతములను ఆధారముగా చేసికొని కట్టు బ్రిడ్జి. మూడవది, దవడ యెముకలో చిన్న టైటానియపు మరను నాటి, అది యెముకతో కలిసిపోయిన పిదప దానిపై పంటిని బిగించుట. దీనినే ఇంప్లాంటు అందురు. ఈ మూడవదానిని గూర్చి మేము గ్రామములలో మాటలాడునపుడు, దాని ఖర్చు కంటె ముందుగా అందరును అడుగునది ఒక్కటే: “ఎముకకు రంధ్రం వేస్తారట గదా, ఆ బాధ ఓర్చుకోగలమా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి మా ఉద్దేశము.

మా పొరపాటు

మొదట మా తప్పును చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామము నుండి వచ్చిన పెద్దాయనకు భయము పోగొట్టవలెనను ఆత్రముతో, “ఏమీ నొప్పి ఉండదు, తాతగారూ” అని చెప్పితిమి. ఆయన ధైర్యముతో కుర్చీలో కూర్చుండిరి. పని సక్రమముగా ముగిసెను. రెండవ దినమున చెంప వాచెను, దవడ సలుపసాగెను. అది సహజమైన వాపే. కాని ఆ సంగతి మేము ఆయనకు చెప్పియుండలేదు. రాత్రియంతయు నిద్రలేక, తెల్లవారగనే కుమారునితో గూడ బస్సెక్కి మా వద్దకు వచ్చిరి. పరీక్షించి, ఏ ప్రమాదమును లేదని చెప్పినపుడు ఆయన అన్న మాటను మేము మరువలేదు: “నొప్పికి కాదు నాయనా నేను భయపడింది. ఉండదన్నది వచ్చేసరికి లోపల ఇంకేదో చెడిందనుకున్నాను.”

అటుపిమ్మట ఆ గ్రామము నుండి చాలకాలము ఎవరును రాలేదు. నాటినుండి నొప్పి లేదని ఎవరితోను చెప్పుట మానితిమి. ఎప్పుడు నొప్పి యుండదో, ఎప్పుడు ఎంత యుండునో, ఏది హద్దు మీరిన నొప్పియో చెప్పుచున్నాము. మీరును మీ ప్రజలకు ఇట్లే చెప్పవలెనని మా కోరిక.

మత్తుసూది వచ్చిన కథ

నొప్పిని గెలుచు శాస్త్రము దంతవైద్యుని కుర్చీ నుండియే ఎక్కువగా పెరిగినది. 1844 డిసెంబరు 11వ తేదీన అమెరికా దేశమున హార్ట్‌ఫర్డ్ నగరమందు హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్చి, తన పంటినే తీయించుకొనెను. 1846లో విలియం మోర్టన్ అను మరియొక దంతవైద్యుడు బోస్టన్ నగరపు ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ఈథరు నిచ్చి చూపెను. మన హైదరాబాదు నగరమునకును ఈ చరిత్రలో స్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో డాక్టరు ఎడ్వర్డ్ లారీ నాయకత్వమున, నిజాము ప్రభుత్వ సహాయముతో, క్లోరోఫారము ప్రాణముపై చేయు పనిని పరిశోధించుటకు సంఘములు ఏర్పడెను. వాటి నిర్ణయములలో కొన్నిటిని తరువాతి శాస్త్రజ్ఞులు సరిదిద్దిరి. అయినను, రోగికి బాధ లేకుండ చేయుట యెట్లు అను ప్రశ్నకు మన నేలపై అంతటి కృషి జరిగెనన్నది గుర్తుంచుకొనదగినది.

అవి ఒడలు తెలియకుండ చేయు మందులు. ఇంప్లాంటునకు సామాన్యముగా వాటి అవసరము లేదు. నోటిలో ఆ భాగమును మాత్రమే మొద్దుబార్చు మందు చాలును. నేడు దంతవైద్యులు విశేషముగా వాడు లిగ్నోకైను అను మందును 1943లో స్వీడన్ దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. 1948 నుండి అది వైద్యులకు లభించెను. ఇంప్లాంటును ప్రసాదించినదియు ఆ దేశమే. 1952లో బ్రోనెమార్క్ అను వైద్యుడు కుందేలు కాలియెముకలో నెత్తురు ప్రసరించు తీరును చూచుటకు టైటానియపు పరికరమును అమర్చెను. పరిశోధన ముగిసిన పిదప దానిని తీయబోగా అది యెముకతో ఏకమై ఊడిరాలేదు. 1965లో యోస్టా లార్సన్ అను మనుష్యుని దవడలో ఆయన టైటానియపు మరలను నాటెను. 2006లో లార్సన్ మరణించువరకు, నలువది సంవత్సరములకు పైగా, అవి ఆయనకు ఉపయోగపడెను.

కుర్చీలో జరుగునది

మొదట చిగురుపై మొద్దుబార్చు లేపనము పూయుదురు. పిదప సన్నని సూదితో మందు నెక్కింతురు. ఆ సూది గ్రుచ్చునపుడు చీమ కుట్టినట్లుండును. కొన్ని క్షణములు మంట యుండును. ఇంప్లాంటు వేయించుకొను దినమున చాలమంది కుర్చీలో ఎరుగు నొప్పి యిదియే. కొద్ది నిమిషములలో పెదవి లావెక్కినట్లు తోచి, ఆ ప్రక్క తిమ్మిరెక్కును.

ఈ మందు నాడిలోని వార్తను నిలిపివేయును. పొలమునకు పోవు నీటిని తూము వద్ద మూసినట్లు, దవడ నుండి మెదడునకు పోవు నొప్పి అచ్చటనే ఆగిపోవును. కాని ఒత్తిడి, అదురు, చప్పుడు తెలియును. ఇది ముందుగా తెలియనివారు అదురును నొప్పిగా భావించి ఉలికిపడుదురు. నిజముగా నొప్పి కలిగినచో చేయెత్తవలెను. వైద్యుడు పని నాపి మరికొంత మందు నిచ్చును. ఓర్చుకొని కూర్చుండుట గొప్ప కాదు.

ఎముకలో రంధ్రము చేయు పరికరము వేడెక్కి యెముకకు హాని చేయకుండ, దానిపై ఉప్పునీటిని నిరంతరము పోయుచుందురు. ఒక్క మరను నాటుటకు సామాన్యముగా అరగంట నుండి ఒక గంట పట్టును.

మరి పన్ను తీయించుకొన్నపుడు ప్రాణము పోయినంత బాధ కలిగెనని చెప్పువారి మాట అబద్ధమా? కాదు. చీము పట్టిన స్థలమున పుల్లదనము పెరిగి, మత్తుమందు సరిగా పనిచేయదు. నొప్పికి భయపడి నెలల తరబడి ఆలస్యము చేసినవాడు, చెంప ఉబ్బిన పిదప వైద్యుని వద్దకు వచ్చును. అప్పుడు మందు చాలదు, బాధ కలుగును. ఆ కథను అతడు రచ్చబండ వద్ద చెప్పును. విన్న పదిమందియు మరింత ఆలస్యము చేయుదురు. ఈ విధముగా భయమే నొప్పిని పెంచుచున్నది. ఇంప్లాంటును సాధారణముగా చీము, వాపు లేని చోట నాటుదురు గనుక మందు చక్కగా పనిచేయును. ముదిరిన పుచ్చుపన్ను తీయించుకొనుట కంటె ఇది తేలికగా నుండెనని పలువురు చెప్పుట ఇందుచేతనే.

ఇంటికి పోయిన పిదప

తిమ్మిరి రెండు నుండి నాలుగు గంటలలో విడుచును. అంతవరకు వేడి కాఫీ త్రాగరాదు. పెదవి కొరుకుకొను ప్రమాదము కలదు. తిమ్మిరి విడిచిన పిదప సలుపు మొదలగును. వైద్యుడు చెప్పిన మాత్రను అది రాకముందే వేసికొనుట మేలు. పారాసెటమాలు మొత్తము దినమునకు 4 గ్రాములు దాటరాదు. బరువు తక్కువగా నున్న వృద్ధులకును, కాలేయ వ్యాధి కలవారికిని ఇంకను తక్కువ ఈయవలెను. ఐబూప్రొఫెన్ వంటివి మూత్రపిండముల వ్యాధి, కడుపులో పుండు, ఉబ్బసము కలవారు వైద్యుని అడుగక వాడరాదు.

వాపు రెండవ, మూడవ దినములలో అధికమై పిదప తగ్గును. మొదటి దినమున గుడ్డలో చుట్టిన మంచుగడ్డను చెంపపై విడతలు విడతలుగా ఉంచవలెను. ఇరువదినాలుగు గంటలు గడచిన పిదప గోరువెచ్చని ఉప్పునీటిని నోటనుంచి మెల్లగా విడువవలెను. పెరుగన్నము, చల్లార్చిన జావ, మెత్తని ఇడ్లీ తినవచ్చును. బీడీ, చుట్ట, గుట్కా పూర్తిగా మానవలెను. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములలో స్త్రీలు నిప్పున్న కొసను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగుట కలదు. అది గాయమును మాననీయదు. అంగిటిలో పుండ్లకును, క్యాన్సరునకును దారితీయును.

కొన్ని గుర్తులు మాత్రము ఉపేక్షింపరానివి. నాలుగవ దినమున నొప్పి తగ్గుటకు మారు పెరుగుట, జ్వరము, చీము, గుడ్డ అదిమి పట్టినను నిలువని నెత్తురు, మరునాటికిని విడువని పెదవి తిమ్మిరి – ఇవి కనబడినచో వెంటనే వైద్యుని కలిసికొనవలెను. మ్రింగుట, ఊపిరి తీయుట కష్టమైనచో క్షణము జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

పన్ను బిగించుటకు క్రింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో అంతకంటె ఎక్కువగా, ఆరు నెలల వరకు వేచియుండవలసి వచ్చును. ఈ కాలమున సామాన్యముగా నొప్పి యుండదు.

ఎవరికి తగును, ఎవరికి తగదు

ఇంప్లాంటు అందరకును తగినది కాదు. మధుమేహము అదుపులో లేనివారు ముందుగా దానిని అదుపు చేసికొనవలెను. నెత్తురు పలుచబడు మందులు వాడువారు ఆ సంగతి చెప్పవలెను. తమంతట తాము ఆ మందులు మానరాదు. గుండెజబ్బు, ఎముకల బలమునకై వాడు మందులు, ఏ మందైనను పడకపోవుట – అన్నియు దాచక చెప్పవలెను. క్రింది దవడలో పెదవికి స్పర్శ నిచ్చు నాడి యుండును గనుక ముందుగా ఎక్స్‌రే గాని స్కానింగు గాని తీయించుట అవసరము. అన్నియు సరిగా కుదిరినవారిలో పది సంవత్సరముల పిదప కూడ నూటికి 90కి పైగా ఇంప్లాంట్లు నిలిచియున్నవి. ఖర్చు అధికమే. మొత్తము ఎంతయగునో, ఎన్నిసార్లు రావలెనో కాగితముపై వ్రాయించుకొనవలెను. దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో ఖర్చు తక్కువగా నుండును. అంత పెట్టలేనివారికి చక్కగా కుదిరిన కట్టుడు పళ్లు చాలును. అందు చిన్నతనము లేదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

మొదటిది: “పై పన్ను పీకితే కన్ను పోతుంది” అను నమ్మకమును పోగొట్టుడు. ముఖమునకు స్పర్శ నిచ్చు నాడి వేరు, కంటికి చూపు నిచ్చు నాడి వేరు. పన్ను తీసినందున చూపు పోదు.

రెండవది: సంతలలోను, రోడ్డు ప్రక్కలను కూర్చుండి, తీగ చుట్టి, పుచ్చిన మోడుపైననే పన్ను అతికించువారి వద్దకు పోకుండ ప్రజలను వారింపుడు. అతికినపుడు నొప్పి యుండదు. అదే వారి ఆకర్షణ. క్రింద చీము పట్టిన పిదప బాధ మొదలగును. దంతవైద్యులు నమోదు కావలెనను చట్టము ఈ దేశమున 1948లోనే వచ్చినది. నమోదు పత్రము చూపుమని అడుగుట మీ హక్కు.

మూడవది: నొప్పి గల పంటిపై పొగాకు కాడను, ఆస్పిరిన్ మాత్రను పెట్టుట మాన్పుడు. అవి చిగురును కాల్చును.

నాలుగవది: నమలలేని పెద్దలెవరో ఆశా కార్యకర్త సహాయముతో గుర్తించి, దంత పరీక్షకు పంపుడు. రెండు వారములైనను మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ నోటిలో నున్నవారిని ముందుగా పంపుడు.

ఐదవది మిక్కిలి సులభమైనది. మీ వార్డులో ఎవరైనను పన్ను తీయించుకొన్నచో, ఇంప్లాంటు వేయించుకొన్నచో, మూడవ దినమున వారి యింటికి పోయి గడపలో కూర్చుండి పలుకరింపుడు. వాపు తగ్గుచున్నదా, జ్వరమున్నదా, ఏమి తినుచున్నారు అని అడుగుడు. ఆనాడు మా పెద్దాయన యింటికి ఇట్టివారు ఒక్కరు పోయియున్నచో ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టియుండెడిది. ఆ గ్రామమునకు అన్ని సంవత్సరములు నష్టమయ్యెడిది కాదు.

ఆ పెద్దాయన ఆరు నెలల పిదప మరల వచ్చి పళ్లు బిగింపించుకొనిరి. తరువాతి సంక్రాంతికి ఒక సంచిలో సకినాలు తెచ్చి మా ముందే ఒకటి కొరికి చూపిరి. ఆయన వెంట, చెంపకు తుండుగుడ్డ కట్టుకొని, ఆ ఊరివారే మరియొకరు వచ్చిరి. ఆయనతో మేము మొదట చెప్పిన మాట: “కొంచెం నొప్పి ఉంటుంది. ఎంత ఉంటుందో, ఎన్నాళ్లుంటుందో చెబుతాము, కూర్చోండి.”